ముప్పైనాలుగో ఫ్రేములో దుమ్ము

మీరే చేశారు. ఇంకెవరినో వెతకక్కర్లేదు. రాయిని నీళ్లు లేకుండా కోయించి, పండగనాడు మాత్రం మిషన్లు కడిగి పూలు చుట్టి ఫొటో తీయించుకున్న మీరు. నలుపు అడిగితే మూడు రంగులు కలిపి పోసే ప్రింటరు అమ్మిన మీరు. మనిషి నల్లగా ఉంటే అది ఫొటోలో తప్పనుకుని, దాన్ని దిద్దడానికి ఒక బటన్ పెట్టిన మీరు. ఆ బటన్‌ను రోజుకు నూరుసార్లు నొక్కి, బాగా వచ్చింది చూడండని కవర్లో పెట్టి ఇచ్చే మీరు. ఒక ఆడమనిషి ఊపిరితిత్తుల్లో రాతిపొడి ఉందో లేదో తేలాల్సిన చోట మీ అందరి చేతులూ కలిసి ఆ పొడిని తుడిచేశాయి. ఎలా తుడిచాయో వినండి.

మడివాళ మార్కెట్ వెనక సందులో మోహన్‌కుమార్ ఫొటోల అంగడి. చుట్టూ పీజీ హాస్టళ్లు, వాటినిండా ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలకే పొద్దంతా సరిపోతుంది. నళిని అక్కడ ఎనిమిదేళ్లుగా స్కానరు, ప్రింటరు చూస్తోంది. కీబోర్డు మీద ఎఫ్5 నొక్కితే ముఖం రెండు మెట్లు తెల్లబడేలా మోహన్‌కుమార్ ఎప్పుడో పెట్టించాడు. అంగట్లో దాన్ని ఫెయిర్ కొట్టడం అంటారు. కస్టమర్ అడగక్కర్లేదు. అందరికీ కొట్టేయడమే.

సోమవారం పదకొండు గంటలకు ఇద్దరు వచ్చారు. ముసలాయన మునినారాయణప్ప. ఒకప్పుడు జిగణిలో స్టూడియో నడిపాడు, అది మూసేసి ఇప్పుడు అత్తిబెలెలో కూతురింట్లో ఉంటున్నాడు. వెంట పాపక్క, యాభై ఆరేళ్ల మనిషి. అంగడికి మూడు మెట్లు. రెండో మెట్టు మీద ఆమె ఆగింది. గోడకు అరచెయ్యి ఆనించి, నోరు తెరిచి గాలి మింగింది. మూడోది ఎక్కి స్టూలు మీద కూర్చున్నాక కూడా కాసేపు మాట్లాడలేదు. మాట్లాడాలంటే ఊపిరి మిగలాలి కదా.

ముసలాయనే చెప్పాడు. పాపక్క జిగణిలో ఒక రాళ్ల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు గ్రానైటు కోసింది, అరగదీసింది. ఇప్పుడు ఊపిరాడదు. టీబీ అని మూడుసార్లు మందులు మింగించారు. కఫంలో టీబీ పురుగు ఒక్కసారీ కనపడలేదు. ఇది రాతిదుమ్ము జబ్బని పెద్దాసుపత్రిలో ఒక డాక్టర్ల బోర్డు తేల్చి రాయాలి. రాసేదాకా ఆమెకు లేని జబ్బుకే మందులు. శుక్రవారం ఆ బోర్డు కూర్చుంటుంది. ఫ్యాక్టరీవాళ్లు మాత్రం పాపక్క తమ దగ్గర కసువు ఊడ్చేదనీ, రాయి జోలికే పోలేదనీ, అసలు తాము నీళ్లు పోయకుండా ఏనాడూ రాయి కోయించలేదనీ రాసిచ్చారు. సాక్ష్యంగా ఒక ఆల్బమ్ పెట్టారు. ఆయుధపూజ ఫొటోలు. కడిగిన నేల, బంతిపూల దండలు వేసిన మిషన్లు, పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. అందులో దుమ్ము ఎక్కడుంటుంది? ఏ ఫ్యాక్టరీ గోడమీద చూసినా ఉండేది ఆ ఫొటోనే, ఏడాది మొత్తంలో పని జరగని ఒక్కరోజుది.

ఆ ఆల్బమ్ తీసింది మునినారాయణప్పే. ముప్పై ఏళ్ల కిందట.

"రోల్లో ముప్పైయారు ఫొటోలు ఉంటాయి కదమ్మా," అన్నాడు. "పూజకు ముప్పైమూడు అయిపోయినాయి. రోలు ముగిస్తే గదా కడిగేది? మర్నాడు పోయి ఆ మిగిలిన మూడూ పనోళ్లను తీసినాను. ఇయ్యి కావల్లని ఎవురూ అడగల్యా. నేనూ ఎవురికీ ఇయ్యల్యా."

వెన్నకాగితం మడత విప్పి బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్ ముక్క బల్లమీద పెట్టాడు. ఆరు ఫ్రేములు, ఒకే ముక్క. ముప్పైమూడులో దండ వేసిన మిషను. దాని పక్కనే, మధ్యలో కత్తెర పడకుండా, ముప్పైనాలుగులో అరగదీసే చేతి గ్రైండరు పట్టుకుని రాయి మీదికి వంగిన ఆడమనిషి.

నళిని రోజూ చేసే పనే చేసింది. నెగెటివ్‌ను స్కానర్లో పరిచింది. పాత నెగెటివ్ అంటే దుమ్ము, వెంట్రుకలు, గీతలు. అందుకని తెర మీద 'డస్ట్ రిమూవల్' అన్నచోట టిక్కు పెట్టింది. బొమ్మ వచ్చాక వేలు దానంతటదే ఎఫ్5 మీదికి పోయింది. ఏ4 సైజులో ప్రింటు తీసి పాపక్క చేతికిచ్చింది.

పాపక్క చూసింది. కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూసింది.

"ఇదెవురమ్మా?"

"మీరే కదక్కా."

"నేనా? నేనెప్పుడు ఇంత తెల్లగుంటి?" పాపక్క మళ్లీ చూసింది. "ఈ పిల్ల ఎవురిదో పెండ్లికి పోతా ఉండాది. పోయేదారిలో మా మిషను పట్టుకోని నిలబడిండాది."

మునినారాయణప్ప పకపకా నవ్వాడు. నళిని నవ్వలేదు. ఎనిమిదేళ్లలో ఎవరూ ఆ మాట అనలేదు. తెల్లబడ్డ ముఖం చూసుకుని అందరూ సంతోషంగానే పోయారు.

ఎఫ్5 తీసేసి ఇంకో ప్రింటు తీసింది. ట్యూబులైటు కింద బూడిదరంగులో సరిగ్గానే ఉన్నట్టుంది. మునినారాయణప్ప దాన్ని తీసుకుని నేరుగా వీధిలోకి నడిచాడు. నళిని వెనకే వెళ్లి ఎండలో చూసింది. బొమ్మంతా నాచు పట్టినట్టు ఆకుపచ్చ. పాపక్క ముఖం ఉన్నచోట కళ్లూ లేవు, ముక్కూ లేదు, ఒక నల్లటి మరక. రంగులు కలిపి చేసిన బూడిదరంగు లైటు మారితే మారిపోతుంది. ఆ సంగతి నళినికి తెలుసు. కానీ ప్రింటును వీధిలోకి తెచ్చి చూసిన రోజు ఇన్నేళ్లలో ఒక్కటీ లేదు.

"ఇది నలుపు కాదమ్మా, మసి," అన్నాడు ముసలాయన. "నలుపులో మనిషి ఉంటాది. మసిలో ఎవురూ ఉండరు."

మోహన్‌కుమార్ గల్లా దగ్గర్నుంచే మెడ చాచి చూసి, నెగెటివ్ పాతది, మనిషి డార్క్, అంతకన్నా ఏం వస్తుందన్నాడు. ముఖం వరకు బ్రష్ పెట్టి లైట్ చేసి ఇచ్చెయ్యమన్నాడు.

"ముఖం వరకే చేస్తే కంప్యూటర్లో గీసినారంటారు సార్," అంది నళిని.

పాపక్క ఇదేమీ వినడంలేదు. ప్రింటును కళ్లకు దగ్గరగా పెట్టుకుని దేనికోసమో వెతుకుతోంది. వేలితో గాల్లో ఒక సున్నా చుట్టింది.

"దుమ్ము యాడ పోయెనమ్మా?" అని అడిగింది. "మిషను ఆన్ జేస్తే పక్కనుండే మనిషి కనపడకుండా ఉన్నింది. ఆ దుమ్మంతా యాడ?"

నళిని తెరవైపు చూసింది. టిక్కు పెట్టిన చోట టిక్కు అలాగే ఉంది. డస్ట్ రిమూవల్. గాల్లో లేచిన ప్రతి రేణువునూ నెగెటివ్ మీద పడ్డ చెత్త అనుకుని స్కానరు తుడిచేసింది. తుడవమన్నది తనే. ఫ్యాక్టరీవాడు ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనిని తను ఒక్క క్లిక్కుతో చేసి పెట్టింది.  పాపక్కను గురువారం రమ్మంది.

*

మంగళవారం ఉదయం ఏడుకే వచ్చి షట్టరు ఎత్తింది. మునినారాయణప్ప అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, మొదటి బస్సుకు బయల్దేరానన్నాడు. ముందు నెగెటివ్‌ను కడగాలన్నాడు. టిక్కు తీసేస్తే రాతిదుమ్ముతోపాటు నెగెటివ్ మీది దుమ్మూ వస్తుంది, అప్పుడు రెంటినీ కలిపి చెత్తే అంటారు. స్టీలు బేసిన్లో క్యాను నీళ్లు పోయించాడు. అందులో ఒక్క చుక్క షాంపూ. నెగెటివ్‌ను అంచులు పట్టుకుని, చంటిపిల్లకు నీళ్లు పోసినంత మెల్లగా అటూ ఇటూ ఆడించాడు. ఎడమకంట్లో శుక్లం, ఆ పని ఆయన కళ్లతో చేయడం లేదు. ఫ్యాను ఆపించి, గుడ్డలారేసే క్లిప్పుతో దారానికి తగిలించాడు. అది ఆరేదాకా ఎవరినీ లోపల నడవనివ్వలేదు.

ఈసారి టిక్కు లేదు. తెర మీద దుమ్ము వచ్చింది. మిషను దగ్గర దట్టంగా, పైకి పోయేకొద్దీ పలచగా, పాపక్క కనుబొమల మీద, ముంజేతుల మీద, చీరె కొంగు ముక్కుకు అడ్డంగా కట్టుకున్న చోట. నల్లటి చర్మం మీద పూతలా పడ్డ తెలుపు. ఫెయిర్ కొట్టిన ప్రింటులో చర్మమూ తెలుపే, దుమ్మూ తెలుపే, ఇంక తేడా ఎక్కడుంటుంది.

తెర మీద ఉన్నది కాగితం మీదికి రావాలి. బోర్డువాళ్లు ఫైలులో పెట్టుకునేది కాగితాన్నే. రంగులు పూర్తిగా ఆపేసి నల్ల ఇంకు ఒక్కదానితో తీసింది. ఆకుపచ్చ పోయింది. కానీ లేతగా ఉండాల్సిన చోట ప్రింటరు నల్లచుక్కలను దూరదూరంగా చల్లింది. పొగలా ఉండాల్సిన దుమ్ము మిరియాలపొడి చల్లినట్టు వచ్చింది. ఒక్క నలుపుతో అన్ని బూడిదరంగులూ చేయమంటే అది మాత్రం ఏం చేస్తుంది?

స్కానరు బల్ల కింద ఒక పాత ప్రింటరు ఉంది. ఆరు ట్యాంకులది. ఆరు నెలలుగా ఇంకు చిమ్మే హెడ్డు మూసుకుపోయి తుక్కుకు పోవడానికి ఎదురుచూస్తోంది. నళిని దాన్ని పైకి తీసింది. తన ఫోన్లో ఎవరెవరో ఫొటోల పిచ్చివాళ్లు రాసుకున్న పేజీలు ఎప్పట్నుంచో దాచుకుంది, ఎప్పుడైనా చేద్దామని. ఆ ఎప్పుడైనా ఈరోజే అనుకుంది. రంగుల ఇంకు మొత్తం తోడేసి, హెడ్డును తడిగుడ్డ మీద నానబెట్టి, బొగ్గుపొడితో చేసే నల్ల ఇంకును సిరంజితో కొలిచి పలచన చేయడం మొదలుపెట్టింది. మొదటి ట్యాంకులో చిక్కటి నలుపు. రెండోదానిలో ఒక వంతు నలుపు, రెండు వంతులు రంగులేని ద్రవం. మూడోది ఇంకా పలచన, నాలుగోది ఇంకా. ఆరోది గ్లాసు కడిగిన నీళ్లలా ఉంది. పలచటి నలుపు చుక్కలు పక్కపక్కనే పడితే కంటికి చుక్కలు కనపడవు. ఏ ట్యాంకు ఎక్కడ ఎంత వదలాలో చెప్పే ప్రోగ్రాము ఒకటి ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి తెలుపు నుంచి నలుపు దాకా ఇరవైయొక్క గళ్ల పట్టీ ఒకటి ముద్రించి చూడాలి. ఏ గడికి ఆ గడి విడిగా కనిపించాలి.

మోహన్‌కుమార్ తొమ్మిదిన్నరకు వచ్చి నళిని చేతులు చూశాడు. మోచేతుల దాకా నలుపు.

"ఏమ్మా, అంగడి పెట్టినావా, బొగ్గు బట్టీ పెట్టినావా?" అన్నాడు. తుక్కు ప్రింటరే కాబట్టి ఏం చేసుకున్నా నీ ఇష్టమన్నాడు, పది గంటల తర్వాత మాత్రం పాస్‌పోర్టు ఫొటోలు ఆగకూడదన్నాడు. బ్లాక్ అండ్ వైట్ ఎవరికి కావాలి, అది పోయి ఎన్నేళ్లయిందని గొణుక్కుంటూ గల్లా దగ్గర అగరుబత్తి వెలిగించాడు.

బుధవారం ఉదయం తీసిన మొదటి పట్టీలో చివరి ఐదు గళ్లు కలిసిపోయి ఒకటే మసి. పట్టీని స్కానర్లో పెట్టి ఒక్కొక్క గడి ఎంత నలుపో అంకెలు చూసుకుంది. చిక్కటి నలుపు తొందరపడి ముందే దిగుతోంది. దాన్ని వెనక్కి లాగింది. రెండో పట్టీలో మధ్య గళ్లు దెబ్బతిన్నాయి. మూడోది మెరిసే కాగితం మీద ఆరలేదు, వేలు తగిలి చెరిగింది. పెళ్లిపత్రికలకు తెప్పించిన మందపాటి మెరుపులేని కాగితానికి మారింది. మునినారాయణప్ప పక్కన కూర్చుని, డార్క్‌రూములో తాము కాగితం మీద అట్ట అడ్డుపెట్టి రెండు రెండు సెకన్లు జరుపుతూ ఇలాంటి పట్టీలే చేసేవాళ్లమని, చూసీచూసీ కళ్లు పోయాయని, అయినా ఆ పట్టీ లేకుండా ఏనాడూ ప్రింటు వేయలేదని చెప్పుకుపోయాడు. నళిని వింటూనే అంకెలు మార్చింది. ఏడో పట్టీ గురువారం ఎనిమిదిన్నరకు వచ్చింది. ముసలాయన దాన్ని ఎండలోకి తీసుకుపోయి, కుడికంటికి ఆనించుకుని, గళ్ల మీద గోరు జరుపుతూ లెక్కపెట్టాడు. ఇరవైయొకటి. ఇంకోసారి లెక్కపెట్టాడు.

"ఇప్పుడు ఎయ్యమ్మా," అన్నాడు.

ప్రింటరు ఇరవై నిమిషాలు తీసుకుంది. కాగితం వేలెడు వేలెడు బయటికి వచ్చింది. పైన ముప్పైనాలుగో ఫ్రేము పెద్దగా. కింద ఆరు ఫ్రేముల ముక్క మొత్తం చిన్నగా, అంచుల మీది నంబర్లతో సహా. అట్టడుగున ఇరవైయొక్క గళ్ల పట్టీ.

పాపక్క పదింటికి వచ్చింది. ఆమెను మెట్లు ఎక్కనివ్వకుండా నళినే ప్రింటు పట్టుకుని వీధిలోకి దిగింది. మోహన్‌కుమార్ స్టూలు తెచ్చి వేశాడు. ఎండలో కాగితం రంగు మారలేదు.

పాపక్క చూసింది. ఈసారి తిరగేయలేదు. బొమ్మలోని తన ముంజేతికి ఆన్చకుండా, పైనుంచి వేలు జరిపింది. ఇప్పటి తన ముంజెయ్యి చూసుకుంది. చిత్రంలో నలుపు నలుపుగానే ఉంది. అందులో కళ్లున్నాయి, చెమట మెరుస్తోంది, దాని మీద దుమ్ము వేరేగా ఉంది. దుమ్ము లేవకుండా రాయి మీద నీళ్లు పోసే పైపు ఎక్కడా లేదు.

"నేనే," అంది.

అప్పుడే మోహన్‌కుమార్ వంగి, ప్రింటు వెనకభాగం, గోడ నీడ పడ్డ చోటు చూపించాడు. "వీళ్లెవరమ్మా? సోమవారం తీసినదాంట్లో వీళ్లు లేరే."

నళిని కూడా చూడలేదు. మూడు రోజులు ఆమె కళ్లు పాపక్క ముఖం మీదే ఉన్నాయి. షెడ్డు లోపలి చీకటి సోమవారం ఒకే నల్లగోడ. ఇప్పుడు అందులో మనుషులు కూర్చుని ఉన్నారు. నలుగురు. ఒక్కొక్కరి ముందు ఒక రాయి. అందరి తలలూ తెల్లగా, ముసలివాళ్లలాగా. దుమ్ము.

పాపక్క ఊపిరి కూడదీసుకుంది. ఒక్కొక్క పేరు మధ్య ఆగింది. "అక్కయమ్మ. ఆ పక్కన దాని మొగుడు గంగులప్ప. ఇది నేత్రావతి. తల దించుకోనుండేది సావిత్రమ్మ. అందరమూ ఒకే బస్సుకు పోతా ఉంటిమి." ఊపిరి అందాక మళ్లీ అంది: "అక్కయమ్మ పోయి ఆరేండ్లాయ. గంగులప్ప అంతకు ముందే. ఇద్దరికీ టీబీ అని రాసిరి."

 కాయగూరల ఆటో ఒకటి హారన్ కొడితే మోహన్‌కుమార్ చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు, కాగితం మీద నీడ పడకుండా. లోపలికి పోయేముందు, ఆ తుక్కు ప్రింటర్లో మళ్లీ రంగులు పోయొద్దని నళినితో చెప్పాడు. రేపు పొద్దున ఆమెనూ బోర్డు దగ్గరికి వెళ్లమన్నాడు. ప్రింటు ఎలా చేశారని అడిగితే ముసలాయన ఒక్కడే చెప్పలేడన్నాడు.

*

శుక్రవారం. ఆసుపత్రిలో పొడుగాటి గది, బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఒక డాక్టరమ్మ. పక్కగా ఫ్యాక్టరీ మేనేజరు, ఒళ్లో ఆల్బమ్. పాపక్కను కూర్చోమన్నారు కానీ కుర్చీ గది అవతలి మూల ఉంది; నళిని పోయి తెచ్చింది.

ప్రింటు బల్ల మీద పెట్టగానే మేనేజరు చూసి నవ్వాడు. ఈ రోజుల్లో కంప్యూటర్లో ఏమైనా చేయొచ్చు మేడం అన్నాడు, దుమ్మేమిటి, మంచు కూడా కురిపించొచ్చన్నాడు.

నళినికి పెద్దవాళ్ల ముందు మాట్లాడడం అలవాటు లేదు. మొదటి వాక్యం సగంలో ఆగింది. మాటలు వదిలేసి వెన్నకాగితం విప్పింది. నెగెటివ్ ముక్కను అంచులు పట్టుకుని కిటికీ అద్దానికి ఆనించింది. డాక్టరమ్మ లేచి వచ్చింది.

"ముప్పైమూడు చూడండి మేడం. దండ వేసిన మిషను. ఆ ఆల్బమ్‌లో ఆఖరి ఫొటో ఇదే, పక్కన పెట్టి చూసుకోండి. దాన్ని ఆనుకునే ముప్పైనాలుగు. మధ్యలో కోత లేదు. పూజ అయిన మర్నాడు." వేలు ప్రింటు అడుగున పట్టీ మీదికి జరిపింది. "ముఖానికి ఒక లెక్క, గోడకి ఒక లెక్క పెట్టలేదు. ఈ పట్టీకి ఎంతో ఫొటో అంతటికీ అంతే. ఏదైనా కలిపి ఉంటే నెగెటివ్‌లో ఉండదు కదా, చూడండి."

డాక్టరమ్మ ఆల్బమ్ అడిగింది. మేనేజరు ఇవ్వడానికి కొంచెం సేపు పట్టింది. ఆమె ఆల్బమ్‌లోని ఆఖరి ఫొటోనూ, కిటికీ మీది నెగెటివ్‌నూ, ప్రింటునూ మార్చి మార్చి చూసింది. ఎక్స్‌రేలు చూసే మనిషి. నలుపులో వెతకడం ఆమెకు అలవాటే. మేనేజరును రెండే ప్రశ్నలు అడిగింది. కసువు ఊడ్చే మనిషి చేతిలో గ్రైండరు ఎందుకుంది, గ్రైండరుకు నీళ్ల పైపు ఎందుకు లేదు. అతను ఆ కాలం నాటి సంగతులు తనకు తెలియవన్నాడు. ఫ్యాక్టరీ ఇచ్చిన కాగితంలో మాత్రం ఏనాడూ అని రాసి ఉందని ఆమె గుర్తుచేసింది. డాక్టరమ్మ పాపక్క ఎక్స్‌రే కవరు మీద ఏదో రాసుకుని, పక్కనున్న ఇద్దరితో మెల్లగా మాట్లాడి, ఫారం ముందుకు లాక్కుంది. ఈమెది రాతిదుమ్ము జబ్బేనని రాస్తున్నామని చెప్పింది. పాపక్కను వేలిముద్ర వేయమంది.

మునినారాయణప్ప కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నళిని స్టాంపు ప్యాడు అందుకుని పాపక్క ముందు పెట్టింది.

పాపక్క బొటనవేలు చాచలేదు. చేతులు రెండూ ఒళ్లోనే ఉంచుకుంది. ప్రింటు వైపు గడ్డం ఎత్తి చూపింది.

"వెనకుండే నలుగురినీ చూసినావా తల్లీ?"

డాక్టరమ్మ చూసింది. భూతద్దం తీసి మళ్లీ చూసింది. పెన్ను కింద పెట్టింది. వాళ్లెవరని అడిగింది. పాపక్క పేర్లు చెప్పింది, నిన్న వీధిలో చెప్పిన వరసలోనే, ఒక్కొక్కదానికీ ఆగి. ఎవరు బతికున్నారో, ఎవరు పోయారో, ఎవరి కాగితాల మీద ఏం రాశారో చెప్పింది. ఫారం ఒక్కరిదే ఉందని, మిగతావాళ్లు విడిగా అర్జీ పెట్టుకోవాలని బోర్డులో రెండో ఆయన అన్నాడు. వాళ్లు పెట్టుకుంటే చూస్తామన్నాడు.

"నాకు రాసేదానికి మూడేండ్లు తీసుకుంటిరి," అంది పాపక్క. "వాళ్లకు అంత ఊపిరి లేదప్పా."

స్టాంపు ప్యాడును మూతపెట్టి పక్కకు జరిపింది. గాలి అందుకుంది. గొంతు పెంచలేదు, పెంచేంత ఊపిరి లేదు.

"నా ముద్ర యాడికీ పోదు. ముందర ఈ బొమ్మలో ఎంతమంది ఉండారో అంతమంది పేర్లూ ఆ కాగితంలో ఎక్కల్ల. నేత్రావతిని, సావిత్రమ్మను సోమవారమే పిలిపించు. వాళ్లను బస్సెక్కించొద్దు, బండి పంపియ్యి. ఎక్స్‌రే తియ్యి. అక్కయమ్మ కాగితంలో, గంగులప్ప కాగితంలో టీబీ అనే మాట కొట్టేసి, రాయి జబ్బు అని రాయి. ఆ ఫ్యాక్టరీలో ఈపొద్దు మిషను ముందర కూర్చోనుండే పిల్లోళ్లకు నీళ్ల పైపు ఉండాదా లేదా, నువ్వే పోయి చూసి రాయి. ఆయుధపూజ నాడు పోవద్దు తల్లీ. మర్నాడు పో."